నాలుగు గోడల మీద అడ్రసు

ఆ ఎండాకాలం నా మధ్యాహ్నపు నిద్రను మట్టిలో కలిపింది ఒక పదేళ్ళ పిల్ల. అదీ ఎక్కడినుంచి? మెట్‌పల్లి పక్క పల్లెలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని. నేనేమో ఇక్కడ దోహా సనాయాలో, అంటే ఫ్యాక్టరీల పేటలో, క్యాంపు గదిలో, పై మంచం మీద.

నా పేరు మౌలాలి, మాది రాయచోటి. కంపెనీ బస్సు నడుపుతాను. ఊరంతా నిద్రలో ఉండగానే లేచి మనుషుల్ని ముఐథర్ సైటుకు చేర్చాలి. జూన్ వచ్చిందంటే నడి ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడ సర్కారు రూలు. పొద్దున పది కాకుండానే అందర్నీ క్యాంపుకు తెచ్చి దింపుతాను, ఎండ దిగాక మళ్ళీ తీసుకుపోతాను. సాయంత్రం డ్యూటీకి నేను హారన్ కొట్టానంటే ఎవరైనా సరే మెట్లు దిగాల్సిందే, ఒక్క నిమిషం ఆగను. ఆ విషయంలో క్యాంపులో నన్ను తిట్టుకోనివాడు లేడు. ఆ రెండు డ్యూటీల మధ్య దొరికే నిద్ర ఉంది చూడండి, దానికోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. కిటికీకి దుప్పటి కట్టిన చీకటి, ఏసీ హోరు, కడుపులో పప్పన్నం. రాజులకు కూడా ఉండదు ఆ సుఖం.

ఆ సుఖానికి అడ్డం పడినవాడు కింది మంచం బుచ్చన్న.

బుచ్చన్న పైపులు వేసే పనిలో ఉంటాడు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. ఇంటికి ఫోన్ చేస్తే కూతురితో అతను మాట్లాడే మాటలన్నీ నాకు కంఠస్థం.

"తిన్నవా బిడ్డా?"

"ఆ."

"బడికి పోయినవా?"

"ఆ. అమ్మకియ్యాల్నా?"

అంతే. ఆ పిల్ల పేరు మనస్విని, ఇంట్లో మనూ అంటారు. తండ్రి ఖతర్ వచ్చేనాటికి దానికి పాలపళ్ళు కూడా ఊడలేదు. సెలవులో ఇంటికెళ్తే దగ్గరికి రావడానికే పిల్లకు సగం సెలవు పట్టేది, అలవాటయ్యేసరికి ఈయన విమానం ఎక్కేవాడు. "బిడ్డ నాదే మౌలాలీ, ముచ్చట్లే దొరుకుతలేవు" అన్నాడు ఒకసారి ఫోన్ పెట్టేసి. నాకూ ఊళ్ళో కొడుకున్నాడు, జానీ అని. మా ఇద్దరి సంగతీ ఇంచుమించు అంతే.

అలాంటి బుచ్చన్న పోయిన సెలవులో కూతురి దగ్గర ఒక ఫోన్ ఆట నేర్చుకొని వచ్చాడు. ఇటుకలు పేర్చి ఇల్లు కట్టుకోవాలి, పొలం దున్నుకోవాలి, గొర్రెల్ని కాచుకోవాలి. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ లోకంలో తిరుగుతుంటారు, మన పొలం గట్టు మీదుగా నడిచిపోతుంటారు, నిలబడి మాట్లాడతారు కూడా. జూన్ సగంలో బళ్ళు తెరిచారు. మనూ బడినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని తల్లి ఫోన్ పట్టుకునే వేళకు ఇక్కడ మాకు నడి మధ్యాహ్నం. బుచ్చన్నకు డ్యూటీ లేదు. నాకు మంచి నిద్ర.

"అయ్యో, గొర్రె పోతున్నది! పట్టు బిడ్డా, పట్టు పట్టు!"

మొదటిసారి ఆ కేకకు నేను లేచి కూర్చుని నెత్తి పైకప్పుకు కొట్టుకున్నాను.

"ఏందప్పా బుచ్చన్నా, సనాయాలో గొర్రె యాడుండాది నీకు?"

"సప్పుడు చెయ్యకు. మా మనూ దొడ్డి తలుపు తెరిచిపెట్టింది."

ఫోన్లోంచి ఆ పిల్ల పకపకా నవ్వింది. "బాపూ, నువ్వే తెరిచినవ్! నా మీద పెడుతున్నవా?" అంది. ఆ పిల్ల అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా నేను వినడం అదే మొదలు. తిడదామని నోరు తెరిచినవాణ్ణి దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

నాలుగు రోజులు తిరిగేసరికి మా గది పెద్దాయన లింబాద్రి కూడా ఆ మంచం మీదికి చేరాడు. ఆయనది ఆర్మూర్ వైపు, పసుపు పండించిన చెయ్యి. ఆటలో, వాళ్ళు మక్క అనే మొక్కజొన్న చేను చూసి తట్టుకోలేకపోయాడు. "గంత దగ్గర దగ్గర పెడితె కంకి వడుతదా బిడ్డా? జర ఎడం ఇయ్యి" అని పాఠాలు మొదలుపెట్టాడు. పిల్ల "సరే తాతా" అనేది. ఆయనకు తాత వయసు లేదు, అయినా మురిసిపోయాడు.

ఒక రోజు నేనూ దిగి చూశాను. ఇల్లు ముచ్చటగా ఉంది, ఎర్రటి కప్పు, చుట్టూ దడి. అయితే నాలుగు గోడల మీదా పెద్ద పెద్ద అక్షరాలు. పిల్ల పూర్తి పేరు, బుచ్చన్న బిడ్డ అని, ఐదో తరగతి, ఊరు, మండలం, జిల్లా, కింద మమత ఫోన్ నంబరు. మమత అంటే బుచ్చన్న భార్య.

"ఈ రాతలేందప్పా?"

"నేనే రాయించిన" అన్నాడు బుచ్చన్న గర్వంగా. "కార్టన్ మీద రాయమా? గట్లనే. గంత పెద్ద లోకం, లచ్చలమంది తిరుగుతరట. ఇల్లు తప్పిపోతే ఎవలన్న చూసి ఫోన్ జేస్తరు."

మా క్యాంపులో ఎవడు ఇంటికి వెళ్ళినా వాడి కార్టన్ డబ్బాకు టేపు చుట్టి, తాడు కట్టి, నల్ల మార్కర్‌తో అన్ని వైపులా పేరు, ఊరు, మండలం, నంబరు రాస్తాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బెల్టు మీద డబ్బాలన్నీ అక్కాచెల్లెళ్ళలా ఒకే రూపున వస్తాయి. లింబాద్రి కార్టన్ ఒకసారి ఎవరో పొరపాటున తీసుకుపోతే, దాని మీద నంబరు ఉండబట్టి ఇంటికి చేరింది. అందుకని బుచ్చన్న చెప్పింది విని లింబాద్రి తల ఊపాడు. నేనూ ఊపాను. మా గదిలో ఎవరినడిగినా ఊపేవారే.

*

జూలైలో ఒక మధ్యాహ్నం బుచ్చన్న ఫోన్ ఆట వేళకు కాస్త ముందే మోగింది. ఐమో కాల్‌లో మమత. అన్నం తింటున్నాడని స్పీకర్‌లో పెట్టాడు.

"ఎవడో ఫోన్ జేసిండు" అంది మమత. "మనస్విని ఇల్లేనా అన్నడు. ఐదో తరగతే కదా అన్నడు. ఆమె నా ఆట దోస్తు, ఫోన్ ఇయ్యున్రి, ఆటల వజ్రాలిస్తా అంటున్నడు. మగ గొంతు, పిలగాని గొంతు గాదు. నువ్వెవనివిరా అంటె, మీ ఆయన ఇంట్ల ఉన్నడా అని అడిగిండు."

బుచ్చన్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"కట్ జేసిన. ఊరి పేరుతోని సహా చెప్తున్నడు. ఆట తీసేస్తున్న. ఇగ ఫోన్ ముట్టనియ్య దాన్ని."

నేను బుచ్చన్న ముఖం చూశాను. భయం కనిపించింది, అది ఎవరికైనా ఉంటుంది. దాని వెనక ఇంకొకటి కూడా కనిపించింది. ఆట పోతే మళ్ళీ 'తిన్నవా' 'ఆ' దగ్గరికే పోవాలి. నెల రోజులుగా దొరికిన కూతురు మళ్ళీ దొరక్కుండా పోతుంది. కానీ తల్లి అన్నదాంట్లో తప్పేముంది? నేనైనా అదే అనేవాణ్ణి.

అంతలో, బడినుంచి అప్పుడే వచ్చిన పిల్ల ఏడుపు ఫోన్లో వినిపించింది. మనూ.

"బాపూ, ఆయన ఆటల ముందుగాల్నే మాట్లాడిండు నాతోని. మా గోడ చదివి పేరు పెట్టి పిలిచిండు. ఫోటో పంపుమన్నడు. నేను పంపలే. అమ్మకు చెప్తే ఆట తీసేస్తదని చెప్పలే."

చెప్పొద్దూ, నా నోట్లో తిట్లు సిద్ధంగా ఉన్నాయి. ఇన్నాళ్ళు ఎందుకు దాచావు, నీకు బుద్ధుందా, ఇలాంటివి. మా నాయన నన్ను అన్నవీ అవే, నేను జానీని అనేవీ అవే. బుచ్చన్న చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ దగ్గరికి తీసుకున్నాడు.

"ఫోటో ఇయ్యలే కదా?"

"ఇయ్యలే."

"మంచిగ జేసినవ్. ఇప్పుడు చెప్పినవ్, గది ఇంకా మంచిగ జేసినవ్. గోడల మీద రాయించింది ఎవలు? నేను. తప్పు నాది బిడ్డా. నువ్వు ఏడవకు."

ఒక తండ్రి కూతురితో ఆ మాట అనగా నేను ఎన్నడూ వినలేదు. లింబాద్రి లేచి ఊరికే కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మమతా" అన్నాడు బుచ్చన్న, "చెప్తే ఆట పోతదని భయపడ్డది. ఇప్పుడు చెప్పింది. మనం నిజంగనే తీసేస్తే ఇగ ఎన్నడన్న చెప్తదా?"

అవతల మమత ముక్కు చీదుకుంది.

"అరుగు మీదనే ఆడాలె. అర్రలకు పోయి తలుపేసుకునుడు లేదు. నేను పక్కన ఉండాలె."

"ఉండు. నాకూ గదే మంచిది."

"ఆ గోడలు చెరుపున్రి ముందుగాల."

ఆ మరునాడే మమత తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళి ఆ ఫోన్ నంబరు ఇచ్చొచ్చింది. ఆటలో వాడి మీద ఫిర్యాదు పెట్టే మీట ఎక్కడుందో మనూ వెతికి నొక్కింది, వాణ్ణి బ్లాక్ చేసింది. ఆ సాయంత్రం బస్సు ఆపుకుని నేను జానీకి ఫోన్ చేశాను. "ఆటలో నిన్నెవరన్నా ఫోటో అడిగినా, ఊరు అడిగినా నాకు చెప్పు రా. తిట్టను" అన్నాను.

వాడు నమ్మలేనట్టు, "నిజంగా తిట్టవా అబ్బా?" అన్నాడు.

నిజంగా తిట్టనని చెప్పడానికి నాకు నోరు ఒకపట్టాన తిరగలేదు. చెప్పాను. వాడు ఫోన్ వెంటనే పెట్టెయ్యలేదు, వాళ్ళ క్రికెట్ మ్యాచ్ సంగతి చెబుతూ కూర్చున్నాడు. నాకు సంతోషమేసింది.

*

శుక్రవారం సెలవు. పొద్దున్నుంచే మా గదిలో పెళ్ళివారి హడావుడి. బుచ్చన్న ఇక్కడినుంచి, మనూ బడినుంచి రాగానే అక్కడినుంచి సుత్తులు పట్టుకుని గోడల్లో అక్షరాలున్న ఇటుకలన్నీ ఊడబీకి మామూలు ఇటుకలు పెట్టారు. ఇల్లు ముఖం కడుక్కున్నట్టయింది.

తర్వాత మమత ఫోన్ చేతిలోకి తీసుకుని ఆట లోపలి సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని ఆమె చదువుతుంటే మనూ అర్థం చెప్పేది.

"నీతోని ఎవరు మాట్లాడొచ్చు అని అడుగుతున్నది అమ్మా. అందరా, దోస్తులా, ఎవరొద్దా."

"దోస్తులు. దోస్తులెంతమంది ఉన్నరు చూపెట్టు."

చూస్తే ఒక బస్సు నిండేటంత మంది ఉన్నారు. మమత బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకు ఒకటే ప్రశ్న, "వీళ్ళ మొఖం ఎన్నడన్న చూసినవా?" చూడలేదంటే తీసెయ్యి. నా గొర్రెకు గడ్డి వేసిందమ్మా అంటే, గడ్డి వేసినా సరే తీసెయ్యి. చివరికి మిగిలింది బుచ్చన్న, వెనక వీధిలో ఉండే క్లాసు పిల్ల, మేనమామ కొడుకు.

లింబాద్రి గొంతు సవరించుకున్నాడు. పాపం, ఆ వారమే తన ఫోన్లో కూడా ఆట వేయించుకున్నాడు. "మరి నేను?"

"మిమ్మల్ని ఫోన్లనే చూసిన తాతా" అంది మనూ, చిన్నబోయి.

మమత తగ్గలేదు. "లింబాద్రన్నా, ఏమనుకోకున్రి. లీవుల వచ్చినప్పుడు ఇంటికి రాన్రి, చాయ తాగి పోన్రి. అప్పుడు చేర్చుకుంటం."

గదంతా గొల్లుమంది. లింబాద్రి కూడా నవ్వాడు. "గది న్యాయం" అన్నాడు. ఆ రోజునుంచి ఆయన ఆటలోకి వెళ్ళకుండా బుచ్చన్న భుజం మీదనుంచే వ్యవసాయం చేశాడు.

పేరు మార్చడం ఇంకో రభస. మనూ షరతులు పెట్టింది. సొంత పేరు ఉండొద్దు, ఊరు ఉండొద్దు, పుట్టిన సంవత్సరం ఉండొద్దు. లింబాద్రి తన ఊరి దేవుడి పేరు చెప్పాడు, అందులో ఊరు బయటపడుతుందని తీసేసింది. నేను మెట్‌పల్లి మహారాణి అన్నాను. "మామా, మీరు వినుడే లేదు" అంది. చివరికి బుచ్చన్న, "మక్కపేలాలు" అన్నాడు. పిల్ల నవ్వి నవ్వి దగ్గింది. అదే ఖాయమైంది.

"ఇంకోటుంది బాపూ" అంది మనూ. "పేరు ఎవరన్నా పెట్టుకోవచ్చు. నువ్వే అని నాకెట్ల ఎరికైతది? మనిద్దరికే తెలిసేటిది ఒకటి ఉండాలె."

బుచ్చన్న ఆలోచించాడు. ఫోన్ చెవికి పెట్టుకుని బయట మెట్ల మీదికి వెళ్ళిపోయాడు. ఆ ఎండలో అక్కడ కాళ్ళు పెట్టలేం. అయినా అక్కడే నిలబడి మాట్లాడి, చెమటతో తడిసి లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "నీకెందుకు?" అన్నాడు.

*

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో బుచ్చన్నను ఫోర్‌మన్ కిందికి పిలిపించాడు. బుచ్చన్న మైకు ఆపేసి ఫోన్ నా చేతిలో పెట్టి, "చేనుకు జర నీళ్ళు పెట్టు, ఎండుతది. ఉర్కి వస్త" అని దిగిపోయాడు. మమత ఏదో పని మీద ఇంట్లోకి వెళ్ళిందట, అరుగు మీద మనూ ఒక్కతే ఉంది. నాకు ఆట రాదు. నీళ్ళు పెట్టబోయి గొర్రెను కొట్టాను.

మనూ రాసి పంపింది, "బాపూ, ఏం జేస్తున్నవ్?"

ఇదంతా ఎక్కడ చెప్పను అనుకుని, "ఏం లేదు బిడ్డా, చెయ్యి జారింది" అని రాశాను.

గొర్రె అటూ ఇటూ తిరిగింది. అప్పుడు ప్రశ్న వచ్చింది. "పోయిన లీవుల నువ్వు పోయేనాడు నేను ఏం దాచిపెట్టిన?"

చచ్చానురా అనుకున్నాను. నాన్న వెళ్ళిపోతుంటే పిల్ల దాచేది ఏముంటుంది? ఇక్కడ పనిచేసేవాడెవడికైనా తోచేది ఒకటే. "పాస్‌పోర్టు" అని రాశాను.

అంతే. తెర నల్లబడింది. ఈ ఇంట్లోకి మీకు ప్రవేశం లేదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. మరుక్షణం బుచ్చన్న ఫోన్ మోగింది. ఐమోలో వీడియో, మమత. ఎత్తితే తెర నిండా ఆమె ముఖం, చేతిలో చీపురు.

"ఎవనివిరా నువ్వు!"

"నేనమ్మా, మౌలాలిని! పై మంచం!"

ఆమె వెనకనుంచి మనూ తొంగి చూసింది. నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మామా! బాపు లెక్క ఎందుకు రాసిన్రు? నాకు భయమైంది. అమ్మను పిలిచిన."

"తప్పయిపాయ తల్లీ. ఇంకెప్పుడూ రాయను."

బుచ్చన్న మెట్లెక్కి వచ్చేసరికి గదంతా నవ్వుతోంది. సంగతి విని అతను ఫోన్ తీసుకుని చూశాడు. ఎంత నొక్కినా లోపలికి పోనివ్వడం లేదు. మమత మళ్ళీ సరిచేసేదాకా ఆ రోజుకు ఆట లేదు. సొంత ఇంటినుంచి గెంటేసిన మనిషి కోపంగా ఉంటాడనుకుంటాం కదా. బుచ్చన్న మారుమాట లేకుండా కింది దుకాణానికి వెళ్ళి గది మొత్తానికి లబన్ సీసాలు కొనుక్కొచ్చాడు.

"తాగున్రి" అన్నాడు. "నా బిడ్డ నన్నే రానియ్యలే."

చల్లటి మజ్జిగ తాగుతూ నేను అడిగాను, "ఇంతకీ ఏం దాచింది అప్పా?"

బుచ్చన్న నవ్వాడే గానీ చెప్పలేదు. ఈరోజుకీ చెప్పలేదు.

*

సెప్టెంబర్ సగానికి మధ్యాహ్నపు రూలు అయిపోతుంది. మరునాటినుంచి మళ్ళీ రోజంతా సైటే, ఆటకు శుక్రవారమే దిక్కు. ఆ ఆఖరి మధ్యాహ్నం నేను పడుకోలేదు. అలవాటు తప్పిందేమో, నిద్రే రాలేదు.

"బాపూ, కండ్లు మూసుకో" అంది మనూ. మూసుకున్నాడు. తెరిచేసరికి చేను అవతల ఒక కొత్త కట్టడం కనిపించింది. చిన్న గది. లోపల ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి. కిటికీకి నీలం దుప్పటి. ఒక మూల కార్టన్ డబ్బా, దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు. పై మంచం మీద ఎవరో ముసుగుతన్ని ఉన్నారు.

"మెల్లగ మాట్లాడు బాపూ. మౌలాలి మామ పండుకున్నడు."

నేను బుచ్చన్న పక్కనే మేలుకుని కూర్చుని, నిద్రపోయేవాడిలా నోరు మూసుకున్నాను.

బుచ్చన్న ఆ గది చుట్టూ ఒకసారి తిరిగాడు. మా క్యాంపులో ప్రతి తలుపుకూ లోపలుండేవాళ్ళ పేర్ల కాగితం అతికించి ఉంటుంది. ఈ తలుపు ఖాళీగా ఉంది.

"పేర్లు రాయలేదేంది బిడ్డా?" అన్నాడు, కావాలనే.

"ఎందుకు బాపూ? రావాల్సినోళ్ళకు ఎరికే."

బుచ్చన్న తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. మనూ వెనకే వచ్చింది. ఇద్దరూ ఆ కింది మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు, దున్నడం లేదు, కట్టడం లేదు, ఊరికే ముచ్చట్లు పెట్టుకుంటూ.

నేను చెప్పులేసుకుని కిందికి దిగి బస్సెక్కాను. టైమయింది. మనుషులు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు, యల్లా మౌలాలీ, పద పద అంటున్నారు. ఆ రోజు నేను హారన్ కాస్త ఆలస్యంగా కొట్టాను.